నచ్చకపోతే చెప్పి వెళ్లండి సామీ

పరాభవ నామ సంవత్సరం లోకానికంతా మార్చి 19న వచ్చింది. నాకు మాత్రం రెండు రోజులు ఆలస్యంగా, శనివారం నాడు, ఇక్కడ న్యూజెర్సీలో, మన సంఘం ఉగాది భోజనాల లైన్లో వచ్చింది.

పంచాంగ శ్రవణం అప్పుడే అయింది. ఆదాయ వ్యయాలు విని నవ్వుకునేవాళ్లు నవ్వుకున్నారు, ఫోన్లో రాసుకునేవాళ్లు రాసుకున్నారు. నా రాశికి రాజపూజ్యం ఎంతో, అవమానం ఎంతో నేను సరిగ్గా వినలేదు. వినుంటే ఆ లైన్లో నిలబడేవాణ్ణి కాదేమో. చేతిలో పేపరు ప్లేటు, అందులో పులిహోర, ఒక ఓళిగ. (బోర్డు మీద బొబ్బట్టు అని రాశారు. ఫుడ్ కమిటీ గోదావరి వాళ్ల చేతిలో ఉంది, ఏం చేస్తాం.) ముందున్నాయన వెనక్కి తిరిగి, "తిరుపతి భవానీ నగర్‌లో ఆ పంచకం ఇల్లు మీదేనంట కదండీ? మా మామగారు పోయిన జూన్లో చూసొచ్చారు" అన్నారు.

పంచకం ఇల్లంటే, మనిషి చెడ్డ నక్షత్రంలో పోయాడని నెలల తరబడి మూసిపెట్టిన ఇల్లు. లైన్లో అయిదారుగురు విన్నారు. పెరుగన్నం వడ్డిస్తున్నావిడ గరిటె గాల్లో ఆగింది.

ఆయన చెడ్డమనిషి కాదు. మీకందరికీ తెలిసినవారే, వనభోజనాల రోజు అందరికన్నా ముందు పార్కుకు వెళ్లి షెల్టరు కింద బల్లలు కడిగే మనిషి. ఆ మాటలో ఎత్తిపొడుపు కూడా లేదు, బయట ఆ నీలం కారు మీదేనా అన్నట్టు అడిగారు. కానీ పది నెలలుగా తిరుపతిలో పదిహేడు మంది అమ్మకానికి పెట్టిన మా ఇల్లు చూసి వెళ్లారు. ఆ పదిహేడు మందిలో ఒక్కరి నోటి నుంచీ రాని కారణం భూగోళానికి ఇవతలి పక్క, ఒక హైస్కూలు కెఫెటేరియాలో, ఓళిగ చల్లారేలోపు నా చేతికొచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ వ్యాసం.

ఇంటి సంగతి కొంచెం చెప్పనివ్వండి. 60 అంకణాల స్థలం, దక్షిణం వాకిలి, కింద ఇల్లు, పైన ఒక గది. నాయన దేవస్థానంలో గుమాస్తాగా చేస్తూ 1986లో కట్టుకున్నాడు. మేడ మీద నిలబడితే కొండంతా కనిపిస్తుంది. రాత్రిపూట నడకదారి లైట్లు గీత గీసినట్టు పైకి పోతాయి. చిన్నప్పుడు కరెంటు పోయిన రాత్రుల్లో చాపలు చుట్టుకుని మేడెక్కి ఆ గీతను చూస్తూ పడుకునేవాళ్లం. అమ్మకానికి పెట్టినప్పుడు ఆ కొండ ఫోటోనే ముందు పెట్టించాను. అదే నేను చేసిన మొదటి తప్పట.

మొదట చూసినాయన రిటైరయిన మాస్టారు. ఆయన వెళ్లాక చిన్నాయన ఫోన్ చేశాడు. "ఇల్లు బాగుండాది అనె. కానీ కొండ వెనకపక్క పడిందంట."

"పడితే ఏమైంది చిన్నాయనా?"

"స్వామికి వీపు పెట్టిన ఇల్లంట రా."

తర్వాత వచ్చినాయన అదే మాటను శాస్త్రంలోకి దించాడు. ఉత్తరాన పల్లముండాలి, ఎత్తు ఉండగూడదు. ఉత్తరాన ఏడు కొండలున్న ఊళ్లో నిలబడి అన్న మాట ఇది! ఆ లెక్కన కపిలతీర్థం రోడ్డు నుంచి తిరుచానూరు దాకా ఒక్క ఇల్లూ అమ్ముడు పోకూడదు. అమ్ముడు పోతున్నాయి, ఎంతకు పోతున్నాయో మీకూ తెలుసు.

సూళ్లూరుపేట నుంచి వచ్చినాయనది ఇంకో కథ. ఇల్లంతా తిరిగాడు, ప్రహరీ చుట్టూ అడుగులు లెక్కపెట్టుకుంటూ రెండుసార్లు నడిచాడు, కాఫీ తాగి వెళ్లాడు. మర్నాడు బ్రోకరు చేత కబురు: "స్థలంలో సగం ఎవరో ఆక్రమించినట్టున్నారు, చూసుకోమనండి." నాకిక్కడ గుండె జారింది. చిన్నాయన, మా బావ ఎండలో టేపు పట్టుకుని కొలిచారు. 2,160 చదరపు అడుగులు, డాక్యుమెంట్లో ఎంతుందో అంతే, అంగుళం పోలేదు. వారం తర్వాత బావకు వెలిగింది. మన తిరుపతిలో అంకణమంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. 2022 ఏప్రిల్లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట నెల్లూరు జిల్లా నుంచి మన వైపు వచ్చింది గానీ, ఆయన అంకణం రాలేదు. ఫోన్ చేసి చెబుదామనుకునేసరికి ఆయన వేరే ఇల్లు కొనేశాడు.

ఇంకొకరికి అన్నీ నచ్చాయి. లింకు డాక్యుమెంట్లు చూశారు, ఈసీ (స్థలం మీద తాకట్లేమైనా ఉన్నాయేమో చూపే కాగితం) తీయించారు, మఠం భూమి కాదు గదా అని రెండుసార్లు అడిగారు. (తిరుపతిలో స్థలం కొనేవాళ్లు హథీరాంజీ మఠం మాట ఎత్తకుండా ఉండరు.) తీరా అడ్వాన్సు ఇస్తామన్న రోజు రాలేదు. "మా వాళ్లు వద్దంటున్నారు" అని కబురు. మా వాళ్లంటే భార్యో, అత్తగారో అనుకుని, ఆవిడకు వంటిల్లు నచ్చలేదేమోనని గట్టుకు కొత్త రాయి వేయించే దాకా ఆలోచించాను. చివరికి తేలిందేమంటే మా వాళ్లంటే ఆడిటరు. ఊళ్లో ఉండేవాళ్ల దగ్గర 50 లక్షలూ ఆపైన పెట్టి కొంటే, కొన్నవాడు 1 శాతం పట్టుకుని పన్నుకు కట్టేస్తే సరిపోతుంది. నాలాంటి ఎన్నారై దగ్గర కొంటే లాభం మీద 12.5 శాతం, దాని మీద సర్‌చార్జీ, సెస్సు. పైగా తక్కువ పట్టుకోవచ్చని అమ్మేవాడు ఆదాయప్పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్టు తెచ్చి చూపించకపోతే, ఆ శాతం మొత్తం ధర మీదే లెక్కగట్టమంటారు ఆడిటర్లు. ఎక్కడ తేడా వచ్చినా నోటీసు వచ్చేది కొన్నవాడికి. ఆయన భయపడ్డంలో తప్పేముంది? ఆ ఒక్క ముక్క నాతో చెప్పుంటే ఆ నెలే దరఖాస్తు పెట్టేవాణ్ణి. ఇల్లు అమ్మాలనుకునే ఎన్నారైలు ఆ సర్టిఫికెట్టు పని ముందు చూసుకోండి, వంటింటి గట్టు సంగతి తర్వాత.

ఇక పంచకం.

నాయన పోయింది కార్తీక బహుళ ఏకాదశి, హస్తా నక్షత్రం. ధనిష్ఠ సగం నుంచి రేవతి దాకా ఉన్న అయిదు పంచకం నక్షత్రాలకూ హస్తకూ ఎంత దూరమో పంచాంగం తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఏకాదశి నాడు పోయాడు, పుణ్యాత్ముడు అని వీధంతా అనింది. కర్మలు అయ్యాక ఇంటికి తాళం వేసి నేను విమానమెక్కాను. ఇక్కడ కాన్సులేట్లో పవరాఫ్ అటార్నీ అటెస్టు చేయించడం, అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు వేయించడం, చెన్నై నుంచి అక్క రావడం, సంతకాలు, అన్నీ అయ్యేసరికి ఆరు నెలలు. మనిషి పోయిన ఇల్లు, తాళం, ఆరు నెలలు. ఈ మూడూ పక్కపక్కన పెడితే మన ఊళ్లో నాలుగో మాట ఎవరూ నోటితో అననక్కర్లేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు పక్కింటివాళ్లను "ఎన్నాళ్లుగా తాళం?" అని అడిగుంటారు. వాళ్లు "ఆరు నెల్లు" అని ఉన్నమాటే చెప్పుంటారు.

ఎవరేమన్నారో నేను ఒక నోట్సులో రాసుకుంటూ వచ్చాను, ఉద్యోగం నేర్పిన అలవాటు. ఉగాది రాత్రి దాన్ని మళ్లీ తిరగేశాను. జూన్లో వచ్చిన ఆ మామగారి మాట ఉంది: "గాలీ వెలుతురూ బాగుంది, ఆలోచించి చెప్తాం." ఆయనదే కాదు, ఇంకో అయిదుగురి పేర్ల పక్కన కూడా నేను ఒకే ప్రశ్న రాసి ఉన్నాను. "ఎన్ని నెలలుగా ఖాళీ?" దాన్ని అద్దె గురించి అడిగారనుకుని, అద్దె ఎంతొస్తుందో చిన్నాయన చేత చెప్పించాను కూడా. వాళ్లు జవాబులో దాచుకున్నది ప్రశ్నలో చెప్పేశారు, నాకే చెవి లేకపోయింది.

నా సంగతీ ఒప్పుకోవాలి. 2014లో మేం ఇక్కడ ఇల్లు వెతుకుతూ ఇరవై మూడు ఇళ్లు చూశాం. చూసిన ప్రతిసారీ మా ఏజెంటు, పాపం తెల్లావిడ, "అమ్మేవాళ్లు అభిప్రాయం అడుగుతున్నారు, ఏం చెప్పను?" అనేది. ఒకిల్లు మాకు ఎంతో నచ్చింది. దక్షిణం వాకిలి. ఆవిడకు అది ఎలా చెప్పాలో తెలియక "వంటిల్లు ఇరుకు" అన్నాను. ఏడాది తర్వాత ఆ ఇల్లు మళ్లీ లిస్టింగులో కనిపించింది, గోడ కొట్టి కొత్తగా వేసిన వంటింటి ఫోటోలతో. నా మాట పట్టుకునే చేయించారని చెప్పలేను. చేయించలేదని కూడా చెప్పలేను. దక్షిణం వాకిలి ఇంట్లో పుట్టి పెరిగి, ఆ అన్నం తిని, ఇక్కడికొచ్చి దక్షిణం వాకిలి వద్దన్నవాణ్ణి, ఇప్పుడు దక్షిణం వాకిలి ఇల్లు అమ్ముకోలేకపోతున్నాను. చిన్నాయన ఈ కథ విని చాలాసేపు నవ్వాడు.

మన మొహమాటాన్ని ఏకిపారేద్దామనే రాయడానికి కూర్చున్నాను. రాస్తుంటే చేతకావడం లేదు. జూన్లో వచ్చిన ఆ మామగారి వైపు నుంచి చూడండి. మనిషి పోయిన ఇంట్లో నిలబడి, పోయినవాడి తమ్ముడి ముఖం చూస్తూ, "మీ అన్న చెడ్డ నక్షత్రంలో పోయాడంట గదా" అని ఎట్లా అంటాడు? నాకైతే నోరు రాదు. గాలీ వెలుతురూ బాగుంది అన్నాడు. ఆ మాట అబద్ధం కూడా కాదు. పట్టింపులు మనకే ఉన్నాయని చిన్నబుచ్చుకోవద్దు, కాలిఫోర్నియాలో ఇంట్లో గత 3 ఏళ్లలో ఎవరైనా పోయుంటే ఆ సంగతి కొనేవాళ్లకు చెప్పాలని చట్టమే ఉంది. చావు గురించి అడగడం తప్పు కాదు. అక్కడ అది కాగితం మీద ఉంటుంది, మన దగ్గర వీధి చివర టీ అంగట్లో ఉంటుంది. కాగితమైతే నేను దిద్దుకోగలను. టీ అంగట్లో మాటను న్యూజెర్సీ నుంచి ఎట్లా దిద్దేది?

అందుకే నా మనవి. మనలో చాలామందిమి ఊళ్లో ఇల్లు కొనేది అమ్మానాన్నల కళ్లతో, మామగార్ల కాళ్లతో. వాళ్లు చూసొచ్చి రాత్రి మనకు ఫోన్లో అన్నీ చెబుతారు. ఆ చెప్పినదాంట్లో పావలా వంతు అమ్మేవాళ్లకు చేరనివ్వండి. ముఖం మీద అనలేకపోతే బ్రోకరుతో అనండి, అదీ కాకపోతే రెండు రోజులాగి వాట్సాప్‌లో పెట్టండి. వాస్తు అయితే వాస్తు అనండి, పన్ను భయమైతే పన్ను అనండి. రేటు ఎక్కువైతే రేటనే అనండి, అది వినడానికి అమ్మేవాడెప్పుడూ సిద్ధంగానే ఉంటాడు. మరీ ముఖ్యంగా, అక్కడ చెప్పని మాట ఇక్కడ పెరుగన్నం దగ్గర చెప్పొద్దు. నాయన గురించి ఆ గదిలో అయిదారుగురికి ఒక అబద్ధం తెలిసిపోయింది, వాళ్లందరినీ పేరుపేరునా పిలిచి హస్త, హస్త అని ఎట్లా చెప్పుకునేది?

ఒకావిడ మాత్రం ఇల్లు చూడ్డానికని మూడుసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ పెరట్లో కరివేపాకు కోసుకుని కొంగులో కట్టుకుని వెళ్లింది. మూడోసారి, "ఇల్లు కొనేంత డబ్బు లేదు నాయనా, చెట్టు బాగుంది" అని చిన్నాయనతో అనేసింది. పదిహేడు మందిలో నాకు అర్థమైన జవాబు అదొక్కటే.

ఇప్పుడు చిన్నాయన రోజూ చీకటి పడే వేళకు వెళ్లి, తలుపులన్నీ తీసి, వాకిట్లో లైటు వేసి, ఎనిమిదింటికి తాళం వేసుకుని వస్తున్నాడు. శుక్రవారం పిన్నమ్మ వెళ్లి ముగ్గు వేస్తోంది. కర్మలు చేయించిన పురోహితుడు కూడా వీధిలో నలుగురితో ఒక మాట అన్నాడట. బల్లలు కడిగే అన్నగారూ, మీ మామగారిని ఇంకోసారి చూసి రమ్మనండి. తాళం చిన్నాయన దగ్గరుంది. ఈసారీ నచ్చకపోతే ఎందుకో ఆయనతోనే అనేసి, పెరట్లో కరివేపాకు కోసుకుని వెళ్లమనండి.