వడ్ల కుప్ప ముందే శిక్షణ జరగాలి

కొనుగోలు కేంద్రంలో పోసిన వడ్ల కుప్ప రైతు ఖాతాలో డబ్బుగా మారేలోపు ఎన్ని చేతులు దాటాలో ఉమ్మడి నల్గొండ, పాలమూరు రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పంట నమోదు చేసేది వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ). కేంద్రం నడిపేది ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) మహిళా సంఘమో, సహకార సంఘమో. గోనె సంచులు పౌరసరఫరాల సంస్థ నుంచి రావాలి. టార్పాలిన్లు, తేమ యంత్రాలు మార్కెటింగ్ శాఖ సమకూర్చాలి. బస్తాలు నింపి, కుట్టి, ఎత్తేది హమాలీలు. మోసేది కాంట్రాక్టరు లారీ, దించుకునేది మిల్లు. మిల్లు దించుకున్నట్టు రాసిస్తే తప్ప కేంద్రం ట్యాబ్‌లో లెక్క ముందుకు కదలదు.

వాన కురిసి కుప్ప తడిస్తే, గింజ మొలకెత్తితే వీళ్లలో ఎవరిని అడిగినా తమ పని తాము చేశామనే అంటారు. చాలాసార్లు అది అబద్ధం కూడా కాదు. సంచులు గోదాం నుంచి బయలుదేరాయి, తేమ చూశారు, లారీ కావాలని కబురు పెట్టారు. విడివిడిగా ఎవరి పని వారికి బాగానే వచ్చు. ఒకరి పని ముగిసి మరొకరి పని మొదలయ్యే చోట ఏం చేయాలో మాత్రం వీళ్లను ఒక్కచోట కూర్చోబెట్టి ఎవరూ నేర్పలేదు. అక్కడే రైతు రోజుల తరబడి కాపలా పడుకుంటున్నాడు.

తేమ సంగతే చూడండి. 17 శాతం మించకూడదన్నది నిబంధన. కేంద్రంలో సరిగ్గా ఉన్నాయని పంపిన వడ్లు మిల్లు గేటు దగ్గర పచ్చిగా ఉన్నాయని ఆగిపోతాయి. మిల్లరు మోసం చేస్తున్నాడని రైతు మండిపడతాడు. కేంద్రం వాళ్లు చూడకుండా తూకం వేశారని మిల్లరు అంటాడు. ఇద్దరిదీ తప్పు కాకపోవచ్చు. కుప్ప పైపొర ఎండినా లోపల చెమ్మ ఉంటుంది. గుప్పెడు గింజలు ఎక్కడి నుంచి తీశారన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. రెండు యంత్రాలనూ ఒకే నమూనాతో ఎన్నడూ సరిచూసి ఉండరు. లారీ దొరక్క బస్తాలు రెండు రాత్రులు మంచులో ఉండి ఉంటాయి. ఈ చిక్కు విప్పే మనిషి అక్కడ లేకపోవడంతో బేరం తరుగు దగ్గరికి వస్తుంది. 40 కిలోల బస్తాకు పైన ఎంత తీయాలన్న పేచీలో ఓడిపోయేది ఎప్పుడూ రైతే.

కోతలకు ముందే ఏఈఓ, కేంద్రం నడిపే అక్క, మిల్లు తరఫు మనిషి ఒకే కుప్ప దగ్గర నిలబడాలి. పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి నమూనాలు తీసి రెండు యంత్రాల్లోనూ పెట్టి చూడాలి. అంకెలో తేడా వస్తే మళ్లీ పరీక్ష ఎవరు చేయాలి, ఎంతసేపట్లో చేయాలి, అప్పటిదాకా లారీ ఆగిన ఖర్చు ఎవరిది అన్న మూడు విషయాలూ ఆరోజే తేల్చుకోవాలి. సీజన్ నడుమ, లారీలు వరుస కట్టిన మిర్యాలగూడ రోడ్డు మీద ఇవి తేలవు.

శిక్షణలు లేవని కాదు. రాజధానిలో మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2020లో ఉద్యోగుల శిక్షణ కోసం మిషన్ కర్మయోగి తెచ్చాక ఉద్యోగి తన ఫోన్‌లోనే పాఠాలు విని సర్టిఫికెట్ తీసుకోవచ్చు. అవి పనికిరావని మేం అనడం లేదు. కానీ అక్కడ ఉద్యోగి ఒంటరిగా నేర్చుకుంటాడు. పక్క శాఖవాళ్ల ఇబ్బంది ఏమిటో అతనికి తెలిసే దారి లేదు. కలెక్టరేట్‌లో జరిగే సన్నాహక సమావేశాలకు అధికారులు వస్తారు. కాంటా దగ్గర నిలబడే మహిళ, హమాలీ మేస్త్రీ, లారీలు పంపే గుమస్తా రారు.

కలిసి పనిచేయడం ఆపద వేళ నేర్చుకోవాల్సి వస్తే ఎంత కష్టమో నాగర్‌కర్నూల్ జిల్లా చూసింది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నారు. సైన్యం, నౌకాదళం, జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్డీఆర్ఎఫ్), సింగరేణి కార్మికులు, రైల్వే సిబ్బంది, భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్జీఆర్ఐ) శాస్త్రవేత్తలు వచ్చారు. బురద తీసేవారు, ఇనుము కోసేవారు, నీళ్లు తోడేవారు ఇరుకు సొరంగంలో ఒకరి వెనక ఒకరు పనిచేయాల్సిన పరిస్థితి. ప్రాణాలకు తెగించి పనిచేసిన వాళ్లను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. వేర్వేరు సంస్థల మనుషుల మధ్య ముందునుంచే పరిచయం, సాధన ఉండాలనడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

ఇంకో చిక్కు ఉంది. దాన్ని వదిలేస్తే ఎంత శిక్షణ ఇచ్చినా లాభం లేదు. ఎన్ని సంచులు పంపారని ఒక శాఖను అడుగుతాం, ఎన్ని కేంద్రాలు తెరిచారని ఇంకో శాఖను అడుగుతాం. కుప్ప పోసిన రోజు నుంచి డబ్బు పడిన రోజు దాకా ఎన్నాళ్లు పట్టిందని అందరినీ కలిపి ఒకే ప్రశ్న అడిగితే, సంచుల లెక్క చూసే అధికారి లారీ గురించి కూడా ఆరా తీస్తాడు. మండలానికి ఒక ఉమ్మడి బృందం, ఆ బృందానికి ఈ ఒక్క లెక్క ఉండాలి. లారీ రాకపోతే మిల్లు మార్చే అధికారం అక్కడికక్కడే ఒకరికి ఇవ్వాలి. ఫైలు పైకి వెళ్లి వచ్చేదాకా మబ్బు ఆగదు.

వడ్లకే కాదు, మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ బాధిత గ్రామాల్లో నీళ్ల ఇంజనీరు, ఆశా కార్యకర్త, బడి పంతులు కలిసి కూర్చోవాల్సిన అవసరమూ ఇలాంటిదే. దాని గురించి విడిగా రాయాల్సినంత ఉంది.

ఈ శిక్షణకు పెద్ద నిధులు అక్కర్లేదు. వానాకాలం కేంద్రాలు తెరవకముందు సెప్టెంబరులో మండలానికి ఒక రోజు, మార్కెట్ యార్డులోనే పెట్టాలి. ఒక కుప్పను తూర్పారబట్టడం దగ్గర నుంచి ట్యాబ్ నమోదు దాకా అందరూ కలిసి నడిపి చూడాలి. ఏఈఓ కాసేపు కాంటా దగ్గర నిలబడాలి, మిల్లు గుమస్తా తేమ చూడాలి. సీజన్ ముగిశాక అదే మనుషులు మళ్లీ కూర్చుని ఎక్కడ ఆగిందో రాసి పెట్టుకోవాలి, యాసంగికి అదే పాఠ్యపుస్తకం. ఆ రోజు పని పోగొట్టుకుని వచ్చే హమాలీకి, సంఘం మహిళకు పూర్తి కూలి ఇవ్వాలి. ఆ ఉత్తర్వు జిల్లా కలెక్టర్లు ఆగస్టులోనే ఇవ్వాలి.