13 పాటలు, ఒకే తీగ

మియాపూర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా మెట్రోలో వెళ్లేటప్పుడు నేను తరచూ వినే ఆల్బమ్ అమెరికన్ గాయకుడు, గిటారిస్టు గ్యారీ క్లార్క్ జూనియర్ ‘బ్లాక్ అండ్ బ్లూ’. 2012లో వచ్చింది. 13 పాటలు, ఒక్కోటి ఒక్కో దారి. అమెరికా నల్లజాతివారి పాత సంగీతం బ్లూస్ అంటే ప్రాణం పెట్టే నా మిత్రుడు ఇది విని పెదవి విరిచాడు. ‘బ్లూస్ అంటాడు, సోల్ పాడతాడు, హిప్‌హాప్ బీట్ పెడతాడు. అసలు ఇతనిది ఏ దారి?’ అన్నాడు. అప్పట్లో కొందరు విమర్శకులదీ ఇదే మాట. నాకు మాత్రం ఆ కలగలుపే నచ్చింది.

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కర్ణాటక సంగీత కచేరీలు విన్నవాళ్లకు ఇది వింతేం కాదు. వర్ణంతో మొదలుపెట్టి, ప్రధాన కృతి దగ్గర చాలాసేపు నిలిచి, చివర్లో జావళీ, తిల్లానా అందుకుంటారు. దేని నడక దానిదే. అయినా విద్వాంసుడు దారి తప్పాడని ఎవరూ అనరు, గొంతు ఒక్కటే కాబట్టి.

క్లార్క్‌కు ఆ గొంతు గిటారే. రెండో పాట ‘వెన్ మై ట్రైన్ పుల్స్ ఇన్’ దాదాపు ఎనిమిది నిమిషాలు సాగుతుంది. రైలు కోసం కాచుకుని ఉన్న మనిషి పాట. మాటలు ఆగిన చోట గరగరలాడే గిటార్ అందుకుంటుంది. తీగను మెట్టు మీదే పక్కకు లాగితే స్వరం పైకి జరుగుతుంది, పై స్వరం అందీ అందక మధ్యలో వణుకుతుంది. వీణ మీద చాలా గమకాలు, అంటే స్వరాన్ని ఊపి పలికించే తీరులు, పలికేదీ ఇలా తీగను లాగితేనే. రెండు సంగీతాలకూ చుట్టరికం లేదు. కానీ గమకాలు వింటూ పెరిగిన చెవికి బ్లూస్ త్వరగా అందడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

‘ట్రావిస్ కౌంటీ’ పాతకాలపు రాక్ అండ్ రోల్. అది అతని సొంతూరు ఆస్టిన్ ఉన్న కౌంటీ పేరు. ‘ప్లీజ్ కమ్ హోమ్’లో సన్నని గొంతుతో సోల్ పాడాడు, దానికి 2014లో గ్రామీ వచ్చింది, అదీ బ్లూస్‌లో కాదు, సోల్‌కు దగ్గరి ఆర్ అండ్ బీ విభాగంలో. ‘ది లైఫ్’ మాత్రం నాకు తేలిపోయినట్టే ఉంటుంది. హిప్‌హాప్ అయినందుకు కాదు, అక్కడ గిటార్ వెనక్కి తగ్గినందుకు.

చివరి పాట ‘నెక్స్ట్ డోర్ నైబర్ బ్లూస్’కి వచ్చేసరికి హంగులన్నీ పోయి, తీగల మీద గొట్టం జారిస్తూ వాయించే, మిసిసిపీ పల్లెల నాటి స్లైడ్ గిటార్ వినిపిస్తుంది. అప్పటికి నేను రైలు దిగి మా సందులో నడుస్తుంటాను. ఇల్లు రెండు నిమిషాల దూరంలోనే ఉన్నా, మళ్లీ రెండో పాట పెట్టుకుని ఇంకో వీధి చుట్టి వెళ్తాను.