నామినేటెడ్ సీటు గారికి ఒక ఓటరు ఉత్తరం

వెండా శాసనసభ నామినేటెడ్ సీటు గారికి,

అయ్యా, మీరిప్పుడు ఏ గోడౌన్లో దుమ్ము కొట్టుకుపోతున్నారో తెలీదు. అందుకే ఈ ఉత్తరం బహిరంగంగా రాస్తున్నాను. దక్షిణాఫ్రికా ఉత్తరపు కొసన ఉన్న ఆ చిన్న వెండాలో పాట్రిక్ మ్ఫెఫు గారు ముఖ్యమంత్రి అయ్యారు, ప్రెసిడెంటయ్యారు. పేరంతా ఆయనకే పోయింది. మోసింది మాత్రం మీరు.

1973 గుర్తుందా? 'మీ గడ్డను మీరే ఏలుకోండి' అంటూ తెల్లవాళ్ల ప్రభుత్వం సభ పెట్టించింది. మొత్తం 60 సీట్లు, అందులో జనం ఓటేసేవి 18. మ్ఫెఫు గారికి ఎదురు నిలిచిన బాల్డ్విన్ ముడావు పార్టీకి 13 వచ్చాయి. మన ఊళ్లో అయితే ఈపాటికి టపాసులు పేలిపోయేవి. మీరు మాత్రం తాపీగా మిగతా 42 సీట్లలో ఊరి దొరల్ని (తెల్లదొరలు కాదు, అక్కడి తెగ పెద్దలు), వాళ్ల మనుషుల్ని కూర్చోబెట్టారు. దొరల జీతాలు ప్రిటోరియా, అంటే ఆ తెల్లవాళ్ల ప్రభుత్వం, డబ్బు. దొరల్లో పెద్దదొర మ్ఫెఫు. ఇక చేతులు ఎటు లేస్తాయో వేరే చెప్పాలా? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు.

అక్కడ దొర ఎదురైతే మగవాళ్లు వంగి, రెండు చేతులూ కలిపి 'న్దా' అంటారు. ఆడవాళ్లు నేలమీద ఓ పక్కకు ఒరిగి 'ఆ' అంటారు. ఆ మర్యాదను నేను వెక్కిరించడం లేదు, చూడ్డానికి బాగుంటుంది. కానీ అలా ఒరిగి లేచి, మోచేతికంటిన మట్టి దులుపుకుని వెళ్లి, ఓటు మాత్రం దొరకు కాకుండా ఇంకొకరికి వేశారు చూడండీ, అదీ నాకు భలే నచ్చింది.

1978లో సీట్లు పెంచారు. ఎన్నికయ్యేవి 42, మీవి ఇంకో 42. మళ్లీ 31 ముడావు పార్టీకే! ఈసారి మీక్కూడా కాస్త టెన్షన్ పట్టుకున్నట్టుంది. సభ మొదలయ్యేలోపే ఎదుటి పార్టీవాళ్లు కొందరు విచారణ లేకుండా లోపలికి వెళ్లారు. కుర్చీ మళ్లీ మ్ఫెఫు గారిదే.

1979 సెప్టెంబరు 13న స్వాతంత్ర్యం. ఇచ్చిన దక్షిణాఫ్రికా, దాని చేతికింది తోటి బంటుస్థాన్లు (నల్లవాళ్లకని తెల్ల ప్రభుత్వం విడదీసిన, వెండా లాంటి ప్రాంతాలు) తప్ప ఎవరూ గుర్తించలేదు. ఆడపెళ్లివారే విస్తళ్లు వేసుకుని, వాళ్లే తిని లేచిన పెళ్లిలాగ. 1983లో ఆయన్ని జీవితకాలపు ప్రెసిడెంటును చేశారు. జీవితకాలమంటే అయిదేళ్లని 1988లో తెలిసింది. తర్వాత వచ్చినాయన్ని 1990లో సైన్యం దించేసింది. 1994 ఏప్రిల్‌లో వెండా మళ్లీ దక్షిణాఫ్రికాలో కలిసిపోయింది.

ఇంతకీ ఉత్తరం ఎందుకంటే, వెండా పెద్దదొర సింహాసనం ఎవరిదన్న గొడవ మ్ఫెఫు గారి కొడుక్కీ మనవరాలికీ మధ్య కోర్టుకెక్కింది. ఆడపిల్ల గద్దెనెక్కకూడదా అని ఆ అమ్మాయి అడిగింది. పాత అనుభవంతో ఓ చెయ్యి వేద్దామని మీకు అనిపించవచ్చు. వద్దులెండి. అక్కడ 42 మందిని వెంటేసుకెళ్లినా లోపలికి రానివ్వరు.

ఇట్లు,
ఓటేసి వేలి సిరా ఆరబెట్టుకుంటున్నవాడు