బావగారూ, అంబాసిడర్ తిరిగి రాదు

ఈ వారం కూడా వచ్చింది ఆ బొమ్మ. మా కుటుంబ వాట్సాప్ గ్రూపులోకి మూడు నెలలకోసారి తప్పకుండా వస్తుంది. తళతళలాడే వెండి రంగు, వెడల్పాటి టైర్లు, పైకప్పంతా అద్దం, ముందు మాత్రం పాత అంబాసిడర్ గుండ్రటి దీపాలు. కింద "మళ్లీ వస్తోంది" అన్న అక్షరాలు. పంపేది ఎప్పుడూ మా బావగారే. ఈసారి సొంత మాట కూడా ఒకటి జోడించారు: "ఇంజిన్ మార్చి, అదే బాడీ పెట్టి అమ్మితే సరిపోతుంది. ఆ మాత్రం చెయ్యలేరా?"

గ్రూపులో జవాబిస్తే అక్క కోప్పడుతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ కారంటే నాకు చులకన లేదు. నాన్నగారు 1986లో కొన్న మార్క్ 4 అంబాసిడర్ ఇప్పటికీ మా పెరట్లో రేకుల షెడ్డు కింద ఉంది. హ్యాండ్ గేరు, ముందు బెంచీ సీటు. పెళ్లికి బయలుదేరితే లోపల తొమ్మిది మంది, డిక్కీలో అరటి గెల. వీధి మలుపులో దాని చప్పుడు వినపడగానే అమ్మ కాఫీకి నీళ్లు పెట్టేది. ఇంతకంటే ప్రేమ ఎలా నిరూపించుకోవాలో నాకు తెలియదు.

కానీ "అదే బాడీ" అనడం ఎంత తేలిక! అంబాసిడర్‌కు లారీలా విడిగా ఛాసిస్ (అడుగు చట్రం) ఉండదు. బాడీయే దాని అస్థిపంజరం. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కోసం 1950లలో గీసిన ఆ గూడునే బెంగాల్లోని ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ దశాబ్దాల పాటు చేసింది. ఇప్పుడు మన దేశంలో కారు అమ్మాలంటే గంటకు 56 కిలోమీటర్ల వేగంతో ముందు నుంచి గుద్దించి చూడాలి, 50 కిలోమీటర్ల వేగంతో పక్క నుంచి గుద్దించి చూడాలి. ముందు భాగం నలిగి దెబ్బను మింగాలి, లోపలి గది మాత్రం నలగకూడదు. స్టీరింగు కడ్డీ డ్రైవరు ఛాతీలోకి దూసుకు రాకూడదు. రెండు ఎయిర్‌బ్యాగులు, బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి. ఇవన్నీ పెట్టాలంటే సన్నటి కిటికీ స్తంభాలు లావెక్కాలి, తలుపుల్లో ఉక్కు దూలాలు దూరాలి, ముక్కు మారాలి. అన్నీ మార్చాక మిగిలేది బావగారు అడిగిన "అదే బాడీ" కాదు. రేకుల అచ్చుల నుంచి అన్నీ కొత్తగా చేయించాల్సిందే. ఒక కొత్త కారుకు ఎంత ఖర్చవుతుందో దీనికీ అంతే.

ఇక ఇంజిన్. 2010లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో బీఎస్-4 అనే పొగ నిబంధన వచ్చినప్పుడే అంబాసిడర్‌కు ఊపిరాడలేదు. తంటాలు పడి 2013లో బీఎస్-4 డీజిలుతో ఎన్‌కోర్ అనే అంబాసిడర్‌ను తెచ్చారు. మరుసటి ఏడాది మే నెలలో ఫ్యాక్టరీయే ఆగిపోయింది. 2020 నుంచి అంతకంటే కఠినమైన బీఎస్-6.

"బ్యాటరీ పెట్టేస్తే పొగ గొడవే ఉండదు కదా" అనే వర్గం ఒకటుంది. బ్యాటరీని నేల కింద పరచాలంటే ఆ నేలను దానికోసమే కట్టాలి. అలా కట్టిన దాని మీద గుండ్రటి రేకు కప్పితే అది వేషం. ఫోక్స్‌వ్యాగన్ 1990ల చివర్లో న్యూ బీటిల్ అని ఒకటి తెచ్చింది. తమ గోల్ఫ్ కారు మీద పాత బీటిల్ చొక్కా. అసలు బీటిల్‌లో వెనక ఉండే ఇంజిన్ ఇందులో ముందుకు వచ్చేసింది.

నిజంగా పాత కారునే తిరిగి తెచ్చిన దేశం ఒకటుంది, బ్రెజిల్. అక్కడ 1986లో బీటిల్ ఆపేశారు. ఆ తర్వాత దేశాధ్యక్షుడైన ఇతమార్ ఫ్రాంకోకు అదంటే మోజు. చవక కార్లకు పన్ను తగ్గిస్తామని చెప్పి 1993లో మళ్లీ మొదలు పెట్టించారు. ఆ గ్యాప్ ఏడేళ్లే. అప్పటికి మెక్సికోలో అదే కారు ఇంకా తయారవుతూనే ఉంది. పైగా అడిగింది సాక్షాత్తూ దేశాధ్యక్షుడు. ఇంత చేసినా 1996లో మళ్లీ మూతపడింది. మన దగ్గర పదేళ్లు దాటిపోయాయి, అంబాసిడర్ చేసే ఫ్యాక్టరీ ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

డబ్బుంటే చాలదా? బ్రిటన్ కుబేరుడు జిమ్ రాట్‌క్లిఫ్‌ను చూడండి. 2016లో ఆగిన పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ మీద మమకారం చావక, దాని పోలికలతో గ్రెనేడియర్ అనే బండిని మొదటి నుంచి తయారు చేయించారు. ఫ్రాన్స్‌లో ఫ్యాక్టరీ కొన్నారు, బీఎండబ్ల్యూ ఇంజిన్ తెచ్చుకున్నారు. 2024లో సీట్లు సరఫరా చేసే కంపెనీ దివాలా తీస్తే ఆ బండ్ల తయారీ కొన్ని నెలలు ఆగిపోయింది. కేవలం సీట్ల వల్ల! ఇక అంబాసిడర్ వైపర్ మోటారు, తలుపు గొళ్లెం, లాంతరు గాజు ఎవరు చేస్తారు? లక్షల్లో ఆర్డరు లేనిదే ఏ సరఫరాదారూ ఫోను ఎత్తడు.

ఆర్డరు మాట వచ్చింది కాబట్టి, 1980ల నడుమ ఏడాదికి సుమారు 24 వేలు అమ్ముడైన కారు 2013-14కు వచ్చేసరికి 2,200 దగ్గర పడింది. అప్పుడు "అయ్యో అంబాసిడర్" అన్నవాళ్లు షోరూముకు వెళ్లలేదు. బావగారు ఆ ఏడాది కొన్నది ఇంకో కంపెనీ హ్యాచ్‌బ్యాక్. ఆ విషయం ఆయనకు నేను గుర్తు చెయ్యను, మీరూ చెయ్యకండి.

పోనీ పేరైనా మిగిలిందా అంటే, 2017లో ఫ్రాన్స్ కంపెనీ ప్యూజో 80 కోట్లకు ఆ పేరు కొనుక్కుంది. ఇప్పుడు ప్యూజో ఉన్న గ్రూపు మన దగ్గర సిట్రోయెన్ కార్లు అమ్ముకుంటోంది. 2022లో విద్యుత్ అంబాసిడర్ రెండేళ్లలో వస్తుందని పత్రికలన్నీ రాశాయి. రెండేళ్లూ గడిచిపోయాయి.

టాటా సియెర్రా వచ్చింది కదా అంటారు. వచ్చింది, చూడటానికి బాగుంది కూడా. కానీ 2003లో ఆగిన బండికీ దీనికీ పేరు, కిటికీల తీరు తప్ప చుట్టరికం లేదు. పైగా టాటా వాళ్లు కార్ల తయారీ ఎప్పుడూ మానలేదు.

నాకు అసలు కడుపు మంట ఇక్కడ. రాని కారు కోసం ఇంత ఆరాటపడేవాళ్లకు ఉన్న కార్ల గోడు పట్టదు. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ 600 రూపాయలు ఉండేది, 2022లో 5,000 చేశారు. 2021లో వింటేజ్ బండ్లకు ప్రత్యేక నంబర్లు ఇస్తామన్నారు, సంతోషమే. కానీ 50 ఏళ్లు నిండాలి. మా మార్క్ 4 ఆ గౌరవం కోసం 2036 దాకా ఆగాలి. అందాకా అది ప్రభుత్వం లెక్కలో ముసలి బండి, అంతే. రోజూ నడపకుండా శ్రద్ధగా దాచుకున్న కార్లకు, ముసలి బండికీ వింటేజ్‌కీ మధ్యలో ఒక వర్గం పెట్టమని ఎవరూ అడగరు. అడిగితే పది లైకులు కూడా రావు.

మా మార్క్ 4కు కావలసిన ముక్కలు ఏ కంపెనీ నుంచీ రావు. బెజవాడ ఆటోనగర్‌లో తెగ్గొట్టిన బండ్ల కుప్పల్లోంచి వస్తాయి. మా మేస్త్రీ కమాన్ కట్టలు అక్కడి నుంచే తెచ్చాడు, దొరకని బుష్‌లను లేత్ మీద తిప్పించాడు. ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. కొడుకు ఫోన్లు బాగు చేస్తాడు.

బావగారూ, ఈ పోస్టు ఎలాగూ మీ దాకా వస్తుంది. వచ్చేసారి బొమ్మ పంపకండి. మా కారుకు ఎడమవైపు వెనక తలుపు హ్యాండిల్ కావాలి, క్రోమ్‌ది. ఎక్కడైనా కనిపిస్తే దాని ఫోటో పంపండి.