కన్‌ఫర్మేషన్ కోసం ఇంకొక్కసారి

మొన్న సాయంత్రం జరిగింది. చొక్కా రెండుసార్లు ఉతికినా వాసన పోలేదు కాబట్టి వేడి మీదే రాసేస్తున్నాను.

హైటెక్ సిటీ నుంచి కూకట్‌పల్లి వస్తున్నాను. ఫ్లైఓవర్ ఎక్కుతుండగా కారు అరవడం మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఇంజిన్ వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు 4,000 దాటుతోంది. స్పీడోమీటర్ ముల్లు మాత్రం 30 దగ్గరే కునుకు తీస్తోంది. పైన పటారం, లోన లొటారం. పక్కనే వెళ్తున్న ఆటో అన్న తల బయటపెట్టి, ఒక్కసారి ముక్కు ఎగబీల్చి, "క్లచ్ ప్లేట్ పోయిందన్నా" అనేసి వెళ్లిపోయాడు. మొత్తం రెండు సెకన్లు. ఫీజు లేదు, ఓటీపీ లేదు.

నేను పట్టించుకోలేదు. మూడు చక్రాల మనిషికి నాలుగు చక్రాల సంగతి ఏం తెలుస్తుంది అనుకున్నాను. ఆ అహంకారానికి ఎంతయిందో కింద చెబుతాను.

ఇంటికెలా చేరానో అడక్కండి. చివరి కిలోమీటరంతా ఒక వాటర్ ట్యాంకరు నన్ను హారన్‌తోనే తోసుకొచ్చింది. సెల్లార్‌లోకి దిగుడే కాబట్టి కారు దానంతట అదే జారి పార్కింగ్‌లో పడింది.

ఇన్సూరెన్సుతో పాటు ఏటా డబ్బు గుంజే రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఒకటుంది కదా, దానికి ఫోన్ చేశాను. యాప్‌లో సమస్య ఎంచుకోమన్నారు. పంక్చర్, బ్యాటరీ, పెట్రోల్ అయిపోవడం, తాళంచెవి లోపల ఉండిపోవడం. ఇంతే. వాళ్ల లెక్కలో కారుకి క్లచ్ అనే అవయవమే లేదు. "దగ్గరగా ఉన్నది నొక్కండి సార్" అంది ఫోన్‌లో అమ్మాయి. బ్యాటరీ నొక్కాను. గంటన్నరకి ఒక కుర్రాడు వచ్చి, బ్యాటరీ చూసి, "బ్యాటరీ చాలా బాగుంది సార్" అని సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. వెంటనే మెసేజ్: మీ సమస్య పరిష్కారమైంది, ఎన్ని స్టార్లు ఇస్తారు?

ఆ మెసేజ్ చూస్తూ పళ్లు నూరుతున్న సమయంలో 302 అంకుల్ కిందికి దిగారు.

302 అంకుల్ బస్సు డిపోలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. అకౌంట్స్ సెక్షన్‌లో అని నాకు నిన్న తెలిసింది. మొన్న తెలియదు.

"క్లచ్చా? ముందు అదేంటో తెలుసా నీకు?" అని మొదలుపెట్టారు. "ఇంజిన్ వైపు ఫ్లైవీలు, గేర్‌బాక్స్ వైపు ప్లేటు. ఇదిగో, ఇలా" అని రెండు అరచేతులూ కలిపి ఛాతీ దగ్గర పెట్టుకున్నారు. "పెడల్ వదిలితే ప్రెజర్ ప్లేటు ఈ రెండింటినీ అదిమిపెడుతుంది. రెండూ ఒకటై తిరుగుతాయి. తొక్కితే విడిపోతాయి. ప్లేటు అరిగిందనుకో, ఎంత అదిమినా జారుతుంది." సరిగ్గా అప్పుడే లిఫ్ట్‌లోంచి దిగిన 104 వాళ్లు అంకుల్ తమకే నమస్కారం పెడుతున్నారనుకుని తిరిగి నమస్కారం పెట్టారు. పాలప్యాకెట్లు తెస్తున్న అబ్బాయీ పెట్టాడు. వాచ్‌మన్ అయితే చేతిలో ఉన్న పైపు కింద పడేసి మరీ పెట్టాడు. అంకుల్ ఎవరినీ నిరాశపరచలేదు, తల ఊపుతూనే ఫ్లైవీలు తిప్పారు.

తర్వాత పరీక్ష. "హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగు. క్లచ్ తొక్కి నాలుగో గేరు వెయ్యి. కాస్త రేస్ ఇచ్చి మెల్లగా క్లచ్ వదులు. క్లచ్ బాగుంటే ఇంజిన్ టక్కున ఆగిపోతుంది. ఆగలేదా, ప్లేటు పోయినట్టే." ముందు జాగ్రత్తగా వాచ్‌మన్ చేత చక్రాల ముందు ఒక గ్రానైట్ రాయి కూడా పెట్టించారు.

డ్రైవింగ్ నేర్చుకున్న నాటి నుంచి ప్రతి సిగ్నల్ దగ్గరా ఇంజిన్ ఆగకూడదని దేవుడికి మొక్కుకున్నవాణ్ణి. జీవితంలో మొదటిసారి ఆగిపోవాలని మొక్కుకున్నాను. క్లచ్ పూర్తిగా వదిలేశాను. ఇంజిన్ ఆగలేదు. హాయిగా పాడుకుంటోంది. కారు అంగుళం కదల్లేదు.

అంటే ఆటో అన్న చెప్పిందే నిజం. ఇక్కడితో కారు తాళం వేసుకుని పైకి వెళ్లి అన్నం తినొచ్చు.

"కన్‌ఫర్మేషన్ కోసం ఇంకొక్కసారి" అన్నారు అంకుల్.

చేశాను. ఈలోగా మా ఆవిడ డల్లాస్‌లో ఉన్న తమ్ముడికి వీడియో కాల్ కలిపి ఫోన్ నా ముందు పెట్టింది. పదకొండేళ్లుగా వాడు నడిపేది ఆటోమేటిక్ కారు. ఎడమ కాలు ఉన్న సంగతే మర్చిపోయి ఉంటాడు. "బావగారూ, నాకు సరిగ్గా కనపళ్లేదు, ఇంకోసారి చేయండి" అన్నాడు. వాడి కోసం ఒకటి. హ్యాండ్‌బ్రేక్ మీద అనుమానంతో అంకుల్ కోసం మరొకటి, ఈసారి మూడో గేరులో. పోతున్న ప్రాణం మీద నలుగురం వంతులు వేసుకుని నిలబడ్డాం.

అప్పుడు లేచింది వాసన.

వర్ణించడానికి ప్రయత్నిస్తాను. పాత రబ్బరు చెప్పుని కొబ్బరిపీచులో చుట్టి, పెనం మీద పెట్టి మాడ్చి, దానిమీద ఇంగువ చల్లితే సుమారుగా వస్తుంది. బానెట్ సందుల్లోంచి సన్నగా పొగ. సెల్లార్‌లో ఉన్న వాసన సెల్లార్‌లోనే ఉంటుందా, లిఫ్ట్ గొయ్యి పట్టుకుని అయిదు అంతస్తులూ ఎక్కింది. ఒక్కో అంతస్తులో ఒక్కో అర్థం తీశారు. మొదటి అంతస్తులో కుక్కర్ గాస్కెట్ కాలిందన్నారు. రెండో అంతస్తులో గీజర్. నాలుగో అంతస్తు కోడలు అత్తగారి వంటింట్లోకి తొంగిచూసి, ఏదో మాడిందని పైకే అనేసిందట. ఆ ఇంట్లో ఇవాళ్టికీ మాటల్లేవని వినికిడి. అయిదో అంతస్తులో ఉండే మా సెక్రటరీ గారు మాత్రం ఇది వైరింగే అని తేల్చుకుని, మెట్ల మీద నుంచి పరుగున దిగొచ్చి, ఎవరినీ అడక్కుండా మెయిన్ స్విచ్ కిందికి లాగేశారు.

చీకటి. నా కారు హెడ్‌లైట్ల వెలుగులో పాతిక మంది. మూడుకీ నాలుగుకీ మధ్య ఆగిపోయిన లిఫ్ట్‌లో, దోసెల పిండి గిన్నెతో 501 ఆంటీ.

జనరేటర్ ఉంది కదా అంటారేమో. ఉంది. నెలకి మెయింటెనెన్స్ 3,500 కడుతున్నాం, అందులో డీజిల్‌కని ఒక పద్దు కూడా ఉంది. ట్యాంకులో డీజిల్ మాత్రం లేదు. ఈ సంగతి మీద సెక్రటరీ గారిని గట్టిగా నిలదీయాల్సిన సందర్భమే గానీ, పొగలు కక్కుతున్న కారు పక్కన నిలబడి నిలదీసే నైతిక హక్కు నాకు లేకపోయింది.

"సెల్లార్‌లో ఏంటండీ ఈ ప్రయోగాలు?" అన్నారాయన. నేను అంకుల్ వైపు తిరిగాను. అంకుల్‌కి అప్పుడే బీపీ మాత్ర గుర్తొచ్చింది. చీకట్లో మెట్లెక్కుతున్న చెప్పుల చప్పుడు మాత్రం వినిపించింది. డల్లాస్ కూడా కట్ అయింది.

రాత్రి అసోసియేషన్ గ్రూపులో మెసేజ్ పడింది. 'కొందరు సభ్యులు సెల్లార్‌లో వాహన ప్రయోగాలు చేయరాదని మనవి.' ఆ కొందరూ నేనే. దాని కింద 501 ఆంటీ నమస్కారం బొమ్మ పెట్టారు. అది మంచి అర్థంలో కాదని మా ఆవిడ అంది.

నిన్న మా సందు చివర మెకానిక్ గేర్‌బాక్స్ దించాడు. ప్లేటు చేతిలో పెట్టాడు. అంచుల దాకా నల్లగా మాడి, రివెట్లు పైకి తేలి ఉంది. "ప్లేటు మీద ఉండాల్సిన లైనింగ్ ఏది సార్?" అని నన్నే అడిగాడు. "ఇంకో వారం మెల్లగా నడిచేదేమో. ఎన్నిసార్లు టెస్ట్ చేశారు?"

"ఒక్కసారే" అన్నాను.

అతను క్లచ్ పెడల్ రబ్బరు చూశాడు. మధ్యలో గీతలన్నీ అరిగి అద్దంలా మెరుస్తోంది. "కాలు ఎప్పుడూ పెడల్ మీదే పెట్టుకుని, హాఫ్ క్లచ్‌లో నడుపుతారు కదా సార్?"

"నేను కాదు, మా బావమరిది" అన్నాను. డల్లాస్ నుంచి వచ్చి ఖండించేవాళ్లు లేరు కదా.

ప్లేటు, ప్రెజర్ ప్లేటు, బేరింగు, కూలీ కలిపి 9,800.

ఇవాళ పొద్దున ఆఫీసుకి బయల్దేరాను. కొత్త క్లచ్ సంగతి నాకెవరూ చెప్పలేదు. పాతది పెడల్ పైదాకా వస్తే గానీ పట్టేది కాదు. ఇది నేల మీద నుంచి కాస్త లేపగానే పట్టేసింది. కారు ఎగిరి, సెల్లార్ ర్యాంప్ మధ్యలో టక్కున ఆగిపోయింది. మొన్న నాలుగుసార్లు మొక్కినా ఆగని ఇంజిన్. మళ్లీ స్టార్ట్ చేశాను. మళ్లీ ఆగింది. వెనక సెక్రటరీ గారి కారు. హారన్.

ర్యాంప్ పైన 302 అంకుల్ నిలబడి ఉన్నారు. నా వైపు చూస్తూ రెండు అరచేతులూ కలిపి, మెల్లగా విడదీసి, మళ్లీ కలిపి చూపిస్తున్నారు. కంగారులో నేనూ నమస్కారం పెట్టాను, రెండు చేతులతో, బ్రేక్ మీద కాలు కూడా తీసేసి. వెనక నుంచి వాచ్‌మన్ గ్రానైట్ రాయి పట్టుకుని పరిగెత్తుకొస్తున్న చప్పుడు.