గెంతులకు ఒక ఎక్సెల్ షీటు

మా ఇల్లు డాలస్ పక్కన ఫ్రిస్కోలో. కొనేటప్పుడు తూర్పు ముఖమా కాదా అన్నది ఒక్కటే చూశాం, రెండు వారాల్లో సంతకాలు పెట్టేశాం. పిల్లలు గెంతడానికి ఇనప చట్రానికి స్ప్రింగులతో చాప బిగించిన ట్రాంపోలిన్ అలా కాదు. అది గుండ్రంగా ఉంటుంది. గుండ్రటి వస్తువుకి ముఖం ఎటో తేల్చే శాస్త్రం మన పెద్దలు రాసిపెట్టలేదు. అందుకని నేనే ఒక ఎక్సెల్ షీటు తెరిచాను. 23 కాలమ్‌లు, 8 వారాలు. ఈలోగా పిల్లలు సోఫా మీద గెంతారు. సోఫాకి కాలమ్ లేదు.

అసలు నేను ఒప్పుకోవడానికి కారణం మా పెద్దాడు అన్న ఒక్క మాట. వాడికి ఎనిమిదేళ్ళు. "నాన్నా, అది 2000 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది" అన్నాడు. తెలుగు తండ్రికి ఆట వేరు, కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోదగ్గ ఆట వేరు. మర్నాడే పరిశోధన మొదలైంది.

మొదటి కాలమ్ గొట్టం మందం. దీనికి గేజ్ అని ఒక అంకె ఇస్తారు. అంకె తగ్గేకొద్దీ ఇనుము మందం పెరుగుతుంది. మిగతా ప్రపంచానికి ఇది అయోమయమేమో గానీ, ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగినవాడికి ఒక్క క్షణం చాలు.

రెండోది జింకు పూత. కరిగిన జింకులో ముంచి తీసిన గొట్టమైతే లోపలా బయటా పూత పడుతుంది. పైపైన పూసిందైతే వాన నీరు లోపలికి చేరి, మనకి కనపడకుండా లోపల్నుంచి తినేస్తుంది. ఇంకో సంగతి. పూత వేశాక వెల్డింగ్ చేస్తే ఆ వేడికి అక్కడి జింకు పోతుంది, తుప్పు మొదలయ్యేది ఆ అతుకు దగ్గరే. అందుకే కంపెనీవాళ్ళ చాట్‌లోకి వెళ్ళి "వెల్డింగ్ ముందా, పూత ముందా?" అని అడిగాను. చాలా మంచి ప్రశ్న అని మెచ్చుకుని, ఈ వారాంతం దాకా తగ్గింపు ఉందన్నారు.

స్ప్రింగులు ఎన్ని అని చూస్తారు జనం. పొడవెంతో కూడా చూడాలి. పొడవైతే గెంతు మెత్తగా ఉంటుంది. రివ్యూల సంగతి అందరికీ తెలిసిందే: "ఇవాళే వచ్చింది, ఇంకా బాక్సు విప్పలేదు, అయిదు స్టార్లు." నేను మాత్రం "రెండో చలికాలం" అన్న మాట ఎక్కడుందా అని వెతికి, అవే చదివాను. వాటిల్లో స్టార్లు తక్కువ, తుప్పు ఎక్కువ. ఇంటి ఇన్సూరెన్స్ ఏజెంటుకి ఫోన్ చేసి ట్రాంపోలిన్ అనగానే, అంతసేపూ నవ్వుతూ మాట్లాడినావిడ గొంతు సవరించుకుని పాలసీ నంబరు అడిగింది. మేలో ఇక్కడ వీచే గాలులకి కట్టేయని ట్రాంపోలిన్లు కంచె దాటి పక్కింటివాళ్ళకి దక్కుతుంటాయి కాబట్టి, భూమిలోకి దిగ్గొట్టే కొక్కేలకి ఒక కాలమ్.

ఈ దశలో తెనాలి నుంచి మా అమ్మ దిగింది.

"ఏరా, గెంతడానికి డబ్బులిచ్చి కొంటార్రా?" అంది. న్యాయమైన ప్రశ్నే. నా చిన్నప్పుడు నులకమంచం మీద గెంతినందుకు ఇదే అమ్మ చేతిలో దెబ్బలు తిన్నాను. 1930ల్లో అమెరికాలోని అయోవాలో జార్జ్ నిస్సెన్, లారీ గ్రిస్‌వోల్డ్ అనే ఇద్దరు ఇనప చట్రానికి గుడ్డ బిగించి దీన్ని తయారుచేశారని, నిస్సెన్‌కి సర్కస్‌వాళ్ళు వలలోకి దూకడం చూసి ఈ ఆలోచన వచ్చిందని వివరంగా చెప్పాను. "వాణ్ణీ వాళ్ళమ్మ ఏమీ అనలేదా?" అంది.

ధర రూపాయల్లో చెప్పలేదు. ఆవిడే లెక్క కట్టుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "ఎన్నాళ్ళొస్తుంది?"

గర్వంగా షీటు చూపించాను. చట్రానికి 10 ఏళ్ళ వారంటీ.

"మంచం కోళ్ళూ పట్టెలూ ఎప్పుడు పోయాయిరా? మా అత్తగారి మంచం ఇప్పటికీ కొట్టంలో ఉంది. పోయేది నులక. ఈ నులక ఎన్నాళ్ళొస్తుంది?"

నులక అంటే ఆ మధ్యలో ఉండే నల్ల చాప. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ దారంతో నేస్తారు. ఎండకి తట్టుకునే మందు కలిపి ఉంటే కొన్నేళ్ళు, లేకపోతే టెక్సస్ ఎండలో కుట్లు విడిపోతాయి. చాపకీ, పిల్లలు బయటికి పడకుండా చుట్టూ కట్టే వలకీ వారంటీ ఎంతని వెతికితే చిన్న అక్షరాల్లో దొరికింది: 1 సంవత్సరం. అంచున స్ప్రింగుల్ని కప్పే మెత్తకి 90 రోజులు. పిల్లల కాళ్ళు తగిలేది చాపకి, మెత్తకి, వలకి; 10 ఏళ్ళు హామీ ఉన్నది ఎవరూ ముట్టుకోని గొట్టానికి. 23 కాలమ్‌లలో "ఈ మోడల్‌కి చాప విడిగా అమ్ముతారా" అన్న ప్రశ్న లేనేలేదు. ఆ ఒక్క ప్రశ్నతో నా జాబితాలో సగం ఎగిరిపోయాయి.

కొన్నాం. 12 అడుగులది, మూడు పెట్టెల్లో వచ్చింది. స్ప్రింగులు గడియారంలో 12 పెట్టాక 6, తర్వాత 3, ఆ తర్వాత 9 అన్నట్టు ఎదురెదురుగా తగిలించాలట. నేను వరసగా తగిలించుకుంటూ పోయాను. సగం దాటాక చాప ఒక పక్కకి లాక్కుపోయి, మిగతావి ఎంత లాగినా అందలేదు. అన్నీ విప్పి మళ్ళీ మొదలుపెట్టాను. మా అమ్మ కుర్చీలో కూర్చుని అంతా చూసింది, ఏమీ అనలేదు. అదే బాధ.

ఇక 23వ కాలమ్. షీటు కుడివైపు చివరికంటా జరిపితే గానీ కనపడదు. అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2012లో చెప్పిన మాట: ఇళ్ళల్లో సరదాకి ట్రాంపోలిన్ వద్దు. దెబ్బల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఒకేసారి ఒకరికంటే ఎక్కువమంది గెంతినప్పుడు తగిలినవే. బరువైనవాడు కిందికి దిగిన క్షణంలో తేలికైన పిల్ల పైకి లేస్తే, చాప దాన్ని దాని బలానికి మించి విసిరేస్తుంది. ఆరేళ్ళలోపు పిల్లలకి ఎముకలు విరిగే ప్రమాదం ఇంకా ఎక్కువ. వల కట్టాం కదా అనుకుంటే, దెబ్బల్లో చాలా భాగం వల లోపలే తగులుతున్నాయి. మా చిన్నదానికి అయిదేళ్ళు. ఆ కాలమ్‌లో నేను "పరిశీలనలో ఉంది" అని రాసుకున్నాను. చిన్నప్పుడు మండలాఫీసు చుట్టూ తిరిగిన అనుభవం అక్కరకొచ్చింది.

నేను పరిశీలిస్తూ ఉండగానే మా అమ్మ తేల్చేసింది. చిన్నదాన్ని ఎక్కనివ్వలేదు, ఏడిస్తే పక్కన చాపేసి కూర్చోబెట్టి లెక్కపెట్టే ఉద్యోగమిచ్చింది. పక్కిళ్ళ పిల్లలు కూడా చేరేసరికి తిరుమల క్యూ పెట్టింది. లోపల ఒక్కరే. 50 గెంతులవగానే "జరుగు, జరుగు" అంటుంది. చైనా పిల్లాడికి, మెక్సికో పిల్లకి ఆ మాట అర్థమైపోయింది, దిగిపోతున్నారు. పల్టీ కొట్టబోయినవాణ్ణి చెవి పట్టుకుని వెనక్కి, క్యూ చివరికి పంపుతోంది. ఇంతవరకూ ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఇన్సూరెన్స్ ఆవిడ మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

చట్రానికి 10 ఏళ్ళు. అమ్మని అమెరికాలో ఉండనిచ్చే ఐ-94 కాగితానికి ఆరు నెలలు, అక్టోబరులో తిరుగు టికెట్టు. నిన్న రాత్రి షీటు తెరిచి 24వ కాలమ్ పెట్టాను: "పక్కన ఎవరు కూర్చుంటారు?" మా ఆవిడా నేనూ ఇద్దరం దాన్ని చూశాం. మీటింగుందని తను లేచింది. నాకూ ఉంది.