శ్రీ డైక్లో సూది గారికి

అయ్యా,

నడుం పట్టేసినవాడు ఓపీలో కుర్చీ లాక్కోకముందే "ఓ సూదెయ్యండి సార్" అంటాడు. 3 మిల్లీలీటర్లలో 75 మిల్లీగ్రాముల డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, ఇంత చిన్న ఒంటికి ఎంత పలుకుబడి! అదే మందు మాత్రగా మింగినా కాస్త ఆలస్యంగానైనా నొప్పి తగ్గుతుంది. కానీ మాత్ర గుచ్చదు కదా, గుచ్చందే మనవాళ్ళకి గురి కుదరదు.

మామూలు నడుం పట్టు చాలామందికి రెండు నుంచి ఆరు వారాల్లో దానంతటదే సడలుతుంది. తమరు మధ్యలో దూరి పేరు కొట్టేస్తారు. కాకి వాలింది, తాటిపండు పడింది. పైగా షుగరు పెంచే స్టెరాయిడు డెక్సా గారిని కూడా వెంటేసుకొస్తే పేషెంటు లేచి గంతులేస్తాడు, గంతులు అయ్యాక షుగరు మీటరు సంగతి ఇంట్లోవాళ్ళు చూసుకోవాలి.

కిడ్నీల మీద తమరి ప్రతాపం రాబందులకి తెలుసు. తమర్ని పొడిచిన పశువుల కళేబరాలు తిని అవి గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. 2006లో తమర్ని పశువైద్యం నుంచి వెలేశారు. మనుషుల సీసాల్ని పశువులకి మళ్ళిస్తున్నారని 2015లో వాటినీ 3 మిల్లీలీటర్లకి కుదించారు. తమరి పెద్ద సీసాలు మాయమవడం వెనక కథ అదీ. ఇక బీపీకి టెల్మిసార్టాన్, దానికి తోడు ఒంట్లో నీటిని మూత్రంగా పంపే నీళ్ళమాత్ర వాడే అరవై దాటిన పెద్దమ్మకి తమరు తగిలితే ఆవిడ కిడ్నీలకి మూడో దెబ్బ.

మా అసలు బాధ వేరే. తమరు ముందే సిరంజిలోకి ఎక్కి కూర్చుంటే అడగాల్సినవి ఎవరూ అడగరు. మూత్రం బిగిసిందా? తొడల మధ్య, కూర్చునే చోట మొద్దుబారిందా? జ్వరమా, బరువు తగ్గుతున్నారా, ఎప్పుడైనా క్యాన్సరుకి మందులు వాడారా? డాక్టరు వేలితో కిందికి నొక్కుతుంటే కాలి బొటనవేలు పైకి ఎత్తగలరా? రెండు నిమిషాల పని. మొదటి రెంటిలో ఒక్కదానికి అవునన్నా, కాలు కొత్తగా బలం తప్పినా, ఆ రోజే పెద్దాసుపత్రికి పంపాలి.

పోనీ, పొడిపించుకునే చోటైనా చూసుకుంటారా? పిరుదుకి పైన, బయటి మూల తమరిది. అక్కణ్ణించి కిందికి, లోపలికి జారితే కాల్లోకి దిగే తుంటినరానికి గుచ్చుకుంటుంది. నడుం నొప్పితో వచ్చినవాడు పాదం వేలాడేసుకుని వెళ్తాడు.

అరిగిన మోకాళ్ళకి తమరి తమ్ముడు జెల్ గారే నయం. పాపం, ఆయన్ని బఠాణీ గింజంత పూసి పనిచేయడంటారు. 1 శాతం జెల్ అయితే మోకాలికి 4 గ్రాములు, రోజుకి 4 సార్లు. లెక్కన 30 గ్రాముల ట్యూబు రెండ్రోజులు కూడా రాదు.

ఇట్లు,
పేషెంటు పడుకోక దుమ్ము పట్టిన
ఓపీ పరీక్ష బల్ల